కోటగోడకు చక్రాలు

మందుపాతర అనే మాట నిర్మాణాన్ని మనం పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. పాతర రైతు మాట. జొన్నలు బాగా పండిన ఏడాది పెరట్లో గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, గింజలు పోసి, మట్టి కప్పి, కరువొచ్చిన నాడు తవ్వుకునేవారు. రేపటి తిండి కోసం నేలను నమ్మిన మనిషి చేసిన పని అది. తుపాకిమందును కూడా అలాగే గొయ్యి తవ్వి నింపి కప్పేవారు గనక మందుపాతర అయింది. ఇప్పుడు నా తరగతిలో పిల్లలకు పాతర అన్న మాట మందుపాతరలో తప్ప మరెక్కడా తగలదు. గింజల పాతర పోయి మందు పాతర మిగిలింది. భాషాశాస్త్రం దీనికి అర్థసంకోచమని పేరు పెట్టి ఊరుకోవచ్చు. సాహిత్య విద్యార్థి అంతటితో ఊరుకోలేడు.

ఈ వ్యాసం మందుపాతరను తట్టుకోవడానికి పుట్టిన ఇనుపబండి గురించి. సైన్యం, పోలీసు, ఐక్యరాజ్యసమితి శాంతిసేన ముగ్గురూ ఎక్కే బండి. సాహిత్య పత్రికలో బండి చరిత్ర ఏమిటని అడిగేవారు ఉంటారు. నలభై ఏళ్ళుగా మన కథలో, కవితలో, పాటలో మందుపాతర పేలుతూనే ఉంది. పేలినప్పుడు ఎవరు ఎక్కడ కూర్చుని ఉన్నారు, వారి కాళ్ళకింద ఎంత మందాన ఇనుము ఉంది, ఆ ఇనుమును ఎవరు కరిగించారు అన్న ప్రశ్నలు మాత్రం మన విమర్శలో రాలేదు. వస్తువును గురించి తెలుసుకోకుండా వస్తువాదం మాట్లాడటం మనకొక అలవాటయింది.

ముందు గోలకొండకు వెళ్ళాలి. 1687లో ఔరంగజేబు సైన్యం కోటను ఎనిమిది నెలలు ముట్టడించింది. ఫిరంగులు గోడను కూల్చలేకపోయాయి. అప్పుడు మొగలులు గోడ కిందికి సొరంగాలు తవ్వించి మందు నింపారు. లోపలివాళ్ళు ఊరుకోలేదు. వాళ్ళూ లోపలినుంచి తవ్వుకుంటూ వచ్చి, కొంత మందును తోడేసి, మిగిలినదాన్ని నీళ్ళతో తడిపేశారు. జూన్ నెలలో వత్తి అంటించినప్పుడు పేలుడు వెనక్కి తిరిగింది. గోడ నిలబడింది, దాడికి సిద్ధంగా నిలుచున్న మొగలు సిపాయిలమీద రాళ్ళూ మట్టీ విరుచుకుపడ్డాయి. కోట చివరికి సెప్టెంబరులో పడింది గాని మందుపాతరతో కాదు. డబ్బుకు లొంగినవాడు లోపలినుంచి తలుపు తీశాడు.

ఈ ఘటనలో రెండు సంగతులు గమనించాలి. మొదటిది, మందుపాతర అప్పటికి బలవంతుడి ఆయుధం. చక్రవర్తికే అన్ని నెలలు కూలీలను పెట్టి సొరంగం తవ్వించే తాహతు ఉంటుంది. రెండవది, అది గోడకోసం పుట్టింది. గోడ కదలదు గనక దాని కిందికి చేరడానికి నెలలు పట్టినా ఫరవాలేదు. తరవాతి మూడు శతాబ్దాల కథంతా ఈ రెండూ తలకిందులు కావడమే. మందుపాతర బలహీనుడి చేతికి వచ్చింది, గోడ చక్రాలు తొడుక్కుని రోడ్డెక్కింది.

ఆ మార్పుకు గుర్తులు హైదరాబాదులో ఒక మైలు దారిలోనే దొరుకుతాయి. నాంపల్లి స్టేషనులో రైలు దిగి ఆబిడ్స్ మీదుగా నడిస్తే గన్‌ఫౌండ్రీ వస్తుంది. పాతవాళ్ళకు అది తోప్ కా సాంచా, అంటే ఫిరంగి మూస. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండ్ 1795 ప్రాంతంలో అక్కడ ఫిరంగులు పోయించాడు. ఇప్పుడక్కడ బ్యాంకులూ బస్‌స్టాపూ తప్ప ఏమీ కనిపించవని అనుకుంటాం గాని, పాత కొలిమి గోడ ఇంకా కొంత మిగిలే ఉంది. రేమాండ్ 1798 మార్చిలో చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషువాళ్ళతో సైన్య సహకార ఒడంబడిక చేసుకున్నాడు, అక్టోబరులో పధ్నాలుగు వేలమంది ఉన్న ఫ్రెంచి దళాన్ని రద్దు చేశారు. సొంత ఫిరంగి పోసుకునే రాజ్యం కిరాయి రక్షణకు అలవాటు పడ్డ రాజ్యం కావడానికి ఆరు నెలలు పట్టింది. (పక్కనే ఉన్న ఆబిడ్స్‌కు పేరు ఇచ్చినవాడూ పరాయివాడే. ఆరవ నిజాం దగ్గర దుస్తులు చూసుకునే ఆర్మీనియా దేశస్థుడు ఆల్బర్ట్ ఆబిడ్, కొలువు చేస్తూనే దుకాణం పెట్టాడు. సేనాని పేరు రేవుల్లోనూ కొండలమీదా మిగిలితే, దుకాణదారు పేరు ఏకంగా నగరం నడిబొడ్డున నిలిచింది.)

కిరాయి రక్షణ ఎంతవరకు కాపాడిందో 1948 సెప్టెంబరులో తేలింది. జె.ఎన్. చౌదురి నాయకత్వంలో షెర్మన్, స్టువర్ట్ టాంకులతో భారత సైన్యం షోలాపూర్ వైపునుంచి వచ్చింది. 16వ తేదీన జహీరాబాద్ దారిలో ఆ దళాలకు మందుపాతరలు అడ్డం వచ్చాయి, ఏరివేసేదాకా ఆగవలసి వచ్చింది. మరునాడు నిజాం లొంగిపోయాడు. చరిత్ర పుస్తకాల్లో ఒక వాక్యానికి మించని ఈ జహీరాబాద్ మందుపాతరలను పాఠకులు గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను. గోలకొండ దగ్గర గోడ కింద పెట్టిన మందు, జహీరాబాద్ దగ్గర దారి కిందికి వచ్చింది. పెట్టినవాడు ఓడిపోతున్నవాడు. అదే దారిలో, అక్కడికి ఎంతో దూరం లేని పల్లెలో, ముప్పై ఆరేళ్ళ తరవాత ఇనుపబండ్ల కార్ఖానా లేచింది. ఆ సంగతి తరవాత చెబుతాను. ఈలోగా వచ్చిన సైన్యం నిజామును దించి వెళ్ళిపోలేదు. తెలంగాణ రైతాంగం మీదికి మళ్ళింది, 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా ఉంది. రైతు చేతిలో అప్పటికింకా మందుపాతర లేదు. వడిసెల, బర్మారు, దొరికితే ఒక రైఫిలు.

ఇక్కడినుంచి కథ దక్షిణాఫ్రికాకు పోతుంది. ఆ దారి కూడా నాకు ఆబిడ్స్‌లోనే దొరికింది. ఆదివారం దుకాణాలు మూసి ఉండగా ఫుట్‌పాత్‌లమీద పరిచే పాత పుస్తకాల్లో 1980ల నాటి మన పత్రికలు కట్టలుగా వస్తుంటాయి. వర్ణవివక్షకు వ్యతిరేకంగా కవితలు, అనువాదాలు, సంపాదకీయాలు. 1985 అక్టోబరు 18న ప్రిటోరియా జైలులో కవి బెంజమిన్ మొలాయిస్‌ను ఉరితీసినప్పుడు తెలుగు కవులు దాన్ని తమ ఇంట్లో చావుగానే భావించారు. అలాంటి ఒక సంచికలో చుక్కలు చుక్కలుగా అచ్చయిన బొమ్మ ఉంది. మట్టివీధిలో ఎత్తైన చక్రాలమీద ఒక బండి, దాని ముందు రాళ్ళు పట్టుకున్న పిల్లలు. బొమ్మ కింద బండి పేరు లేదు. అప్పటి సంపాదకులకు ఆ పేరుతో పని లేదు. దాని పేరు కాస్పిర్.

కాస్పిర్ పుట్టుక తెలిస్తే గాని మిగతా కథ తెలియదు. 1970ల మొదట్లో రొడీషియాలో, అంటే నేటి జింబాబ్వేలో, తెల్ల ప్రభుత్వంమీద తిరగబడ్డ గెరిల్లాలు మట్టిరోడ్లలో సోవియట్ తయారీ టాంకు మైన్లు పాతిపెట్టడం మొదలుపెట్టారు. తెల్ల రైతులు, సైనికులు తిరిగే జీపులు, లారీలు తునాతునకలయ్యాయి. అక్కడి మెకానిక్కులు మొదట లారీ అడుగున ఇసుక బస్తాలు వేశారు, టైర్లలో నీళ్ళు నింపారు. తరవాత బండి అడుగు ఆకారాన్నే మార్చారు. దక్షిణాఫ్రికా ఆ అనుభవాన్ని అందుకుంది. అక్కడి శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి, పోలీసుశాఖ కలిసి 1970ల చివర ఈ బండిని తయారుచేశాయి. ఇంగ్లీషులో పోలీసుశాఖ పొడి అక్షరాలు మూడు, పరిశోధన మండలివి నాలుగు. ఆ ఏడింటిని కలగాపులగం చేస్తే కాస్పిర్ అయింది. లాఠీ, ప్రయోగశాల ఒకే పేరులో ఇంతగా కలిసిపోయిన ఉదాహరణ మరొకటి నాకు తెలియదు.

దాని కిటుకు చెప్పడానికి సులువే. మామూలు లారీ అడుగు బల్లపరుపుగా ఉంటుంది. కింద పేలితే వాయువు ఎటూ పోలేక ఆ బల్లను పైకి తంతుంది. అడుగు చీలి, చీలిన ఇనుపముక్కలే లోపలివాళ్ళకు తూటాలవుతాయి. కాస్పిర్ అడుగు పడవ అడుగులా ఉంటుంది. రెండు వాలు పలకలు కింద ఒక అంచు దగ్గర కలుస్తాయి. పేలుడు ఆ అంచుకు తగిలి రెండు పక్కలకు చీలి పోతుంది. బండిని నేలకు బాగా ఎత్తులో నిలపడం కూడా అందుకే, దూరం పెరిగినకొద్దీ పేలుడు ఒత్తిడి గబగబా తగ్గుతుంది. చక్రం, ఇరుసు ఎగిరిపోతాయి, పోనిస్తారు. వాటిని మళ్ళీ బిగించుకోవచ్చు. లోపలివాళ్ళు నడుముకు పట్టీలు కట్టుకుని కూర్చోవాలి. లేకపోతే బండి గాలిలోకి లేచి పడేటప్పుడు తల పైకప్పుకు కొట్టుకుని, మెడలు విరిగి, వెన్నుపూస నలిగి చనిపోతారు. సోవియట్ మైను ఒకదానిలో దాదాపు ఏడు కిలోల మందు ఉండేది. చక్రం కింద మూడు మైన్లు, కడుపు కింద రెండు పేలినా లోపలివాళ్ళు బతకాలన్నది లెక్క. అంటే ఇరవై ఒకటి, పధ్నాలుగు కిలోలు. ఈ రెండంకెలతో తరవాత పని ఉంది.

ఇంజనీరింగుగా చూస్తే మంచి పనే. పదిమంది ప్రాణాలు కాపాడే పని మంచిది కాదని ఎవరంటారు? అయితే అదే బండి నమీబియాలో కూవోట్ అనే పోలీసు దళానికి వాహనమయింది, పొదల్లో మనుషుల అడుగుజాడలు పట్టి వేటాడింది. పసుపురంగు వేసుకుని సోవెటో వంటి నల్లవాడల్లోకి దిగింది. అక్కడ మైన్లు లేవు. పిల్లల చేతుల్లో రాళ్ళున్నాయి. మైను తట్టుకోవడానికి పెంచిన ఎత్తు, జనంమీదినుంచి చూడటానికి, కాల్చడానికి అక్కరకొచ్చింది. వాడలో పెరిగిన తరానికి కాస్పిర్ అంటే పోలీసు, పోలీసంటే కాస్పిర్. రక్షణ కోసం పుట్టిన వస్తువు స్వభావం దాని అడుగు ఆకారంలో లేదు, లోపల ఎవరున్నారు, బయట ఎవరున్నారు అన్నదాంట్లో ఉంది. మనం ఉత్పత్తి సంబంధాల గురించి అంత మాట్లాడతాం గదా, ఇది రోడ్డుమీది సంబంధం.

ఇక భారతదేశం. దక్షిణాఫ్రికాతో వ్యాపారం మానేసిన మొదటి దేశం మనది. 1946లో, ఇంకా స్వాతంత్ర్యం రాకముందే, ఆ పని చేశాం. ఐక్యరాజ్యసమితిలో ఆ ప్రశ్న లేవనెత్తిందీ మనమే. మన పాస్‌పోర్టులమీద ఆ దేశానికి చెల్లదని ముద్ర ఉండేది. వర్ణవివక్ష కూలుతున్న దశలో 1993 నవంబరులో దౌత్య సంబంధాలు మొదలయ్యాయి. అక్కడి ప్రజల విజయాన్ని మన కవులు పండుగ చేసుకున్నారు. అదే దశాబ్దం చివర భారత సైన్యం కాస్పిర్‌లను కొన్నది. కాశ్మీర్ రోడ్లకు అవి కావాలి. నలభై ఏడేళ్ళ బహిష్కరణ ముగిశాక ఆ దేశంనుంచి మనం తెచ్చుకున్నవాటిలో వర్ణవివక్ష పోలీసు బండి కూడా ఉందన్న సంగతిమీద తెలుగులో ఒక్క కవితయినా నా కంటబడలేదు. నల్లపిల్లల ముందు నిలిచినప్పుడు ఆ బండిమీద రాశాం. మన రోడ్డుమీదికి వచ్చినప్పుడు గుర్తుపట్టలేదు.

ఎద్దుమైలారం సంగతి ఇప్పుడు చెప్పాలి. సంగారెడ్డి దగ్గరి ఈ పల్లెలో 1984లో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ స్థాపించారు. 1980 ఎన్నికల్లో రాయ్‌బరేలీని వదులుకుని మెదక్‌ను ఉంచుకున్న ఇందిరాగాంధీ అప్పుడు ప్రధాని. నియోజకవర్గానికి కార్ఖానా దక్కింది. సోవియట్ లైసెన్సుతో బి.ఎం.పి.-2 పదాతిదళ వాహనాలు ఇక్కడ 1987నుంచి బయటికి వచ్చాయి. బరువు పధ్నాలుగు టన్నులు, నడిపేందుకు ముగ్గురు, వెనక ఏడుగురు, పైన ముప్పై మిల్లీమీటర్ల ఫిరంగి, నీళ్ళలో ఈదుతుంది. అయితే దాని అడుగు చదును. ఆఫ్ఘనిస్థాన్‌లో సోవియట్ సైనికులు ఆ బండి లోపల కూర్చోవడం మానేసి పైన ఎక్కి ప్రయాణించేవారు. తూటాకు దొరికినా దొరకవచ్చుగాని మైను పేలితే లోపల మిగలమని వారికి అనుభవం నేర్పింది. ఉక్కుకవచం ఉన్న బండిలో సిపాయి కవచం బయట కూర్చోవడం కంటే పెద్ద విమర్శ ఆ యంత్రంమీద ఇంకేం కావాలి?

కొత్త శతాబ్దంలో అదే ఫ్యాక్టరీ పడవ అడుగు బండిని చేయడం మొదలుపెట్టింది. కాస్పిర్ వరసలోదే. జబల్‌పూర్ వాహన కర్మాగారంలో కూడా తయారయింది. ఆఫీసు కాగితాల్లో మైన్ ప్రొటెక్టెడ్ వెహికిల్, పేరు ఆదిత్య. బి.ఎం.పి.కి విజయరథమనే అర్థంలో సారథ్ అని పెట్టారు. హైదరాబాదు పోలీసుల బాష్పవాయు బండి వజ్ర. రొడీషియావాళ్ళు తమ బండ్లకు చిరుతపులి, దుమ్ములగొండి అని పేర్లు పెట్టారు, దక్షిణాఫ్రికావాళ్ళు నీటిగుర్రం, గేదె అన్నారు. వాళ్ళు జంతువుల దగ్గర ఆగితే మనం దేవతలదాకా వెళ్ళాం. మన నగరంలోనే కంచన్‌బాగ్ లోహ పరిశోధనశాల కనిపెట్టిన టాంకు కవచానికి ఆ పేట పేరే పెట్టి కంచన్ అన్నారు. తోట పేరు కవచం పేరయింది. పురాణ ప్రతీకలను ప్రగతిశీల కవి వాడవచ్చా లేదా అని మనం పాతికేళ్ళు చర్చించుకున్నాం. రాజ్యానికి ఆ సందేహం ఎప్పుడూ రాలేదు.

ఈ బండ్లు రాకముందే తెలుగు రోడ్లు మారిపోయాయి. 1980ల చివరినుంచి మందుపాతర పోలీసు జీపుకు నిత్యశంక. తారురోడ్డు కింద కల్వర్టులో మందు, పొదల్లోకి పరిచిన తీగ, దూరాన కూర్చున్న ఒక మనిషి. ఇది చక్రం నొక్కితే పేలే సైన్యపు మైను కాదు. ఎవరు వస్తున్నారో చూసి పేల్చేది. 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర పంచాయతీరాజ్ మంత్రి ఎ. మాధవరెడ్డి ఇలాగే చనిపోయారు. నాంపల్లిలోని శాసనసభకు గంట ప్రయాణం దూరంలో. 2003 అక్టోబరు 1న తిరుపతి అలిపిరి దగ్గర క్లేమోర్ మైన్ల పేలుడులోంచి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు గాయాలతో బయటపడ్డారు. 2007 సెప్టెంబరులో నెల్లూరు జిల్లాలో మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి దంపతుల వాహనశ్రేణిమీద పేలింది. ఆ ఇద్దరూ బతికారు, ఆ దారినే ఉన్న మరి ముగ్గురు చనిపోయారు. బతికినవారి పేర్లు చరిత్రలో ఉంటాయి.

అప్పుడు గోడకూ మందుకూ పందెం మొదలయింది. పైన చెప్పిన ఇరవై ఒకటి, పధ్నాలుగు కిలోల లెక్క ఫ్యాక్టరీలో తయారైన మైనుకు పనికొస్తుంది. కల్వర్టులో ఎవరు ఎన్ని కిలోలు కూరుతారో ఏ ఇంజనీరు చెప్పగలడు? బండి బరువెక్కినకొద్దీ గొయ్యి లోతయింది. 2005 సెప్టెంబరు 3న బస్తర్‌లోని బిజాపూర్ దగ్గర మైను తట్టుకునే బండే పేలి ఇరవై నలుగురు పోలీసులు, జవాన్లు చనిపోయారు. 2012 జనవరిలో జార్ఖండ్ గఢ్వా జిల్లాలో, 2018 మార్చి 13న సుక్మా జిల్లా కిష్టారం దగ్గర అదే జరిగింది. కిష్టారంలో తొమ్మిదిమంది. కేంద్ర రిజర్వు పోలీసుల ఉన్నతాధికారులే ఆ బండ్లను చక్రాలున్న శవపేటికలన్నారు. బండిలో ఉన్నవాళ్ళంతా ఒకేచోట ఉంటారు, బండి రోడ్డు దిగలేదు, రోడ్డు ఎక్కడ ఉందో అందరికీ తెలుసు. దాని బలమే దాని లోపం.

దీన్ని ముందుగా గ్రహించింది ఆంధ్రప్రదేశ్ పోలీసులే. 1989లో కె.ఎస్. వ్యాస్ గ్రేహౌండ్స్ దళాన్ని నిర్మించినప్పుడు అందులో ప్రధాన సూత్రం బండి దిగి నడవడం. అడవిలోకి కాలినడకన, వెళ్ళినదారిన తిరిగి రాకుండా. గెరిల్లా పద్ధతిని రాజ్యం నేర్చుకుంది, గోడను వదిలేసింది. ఎన్‌కౌంటర్ల పేరుతో జరిగిన హత్యల చరిత్ర ఈ నడక వెనకే వస్తుంది, దాన్నెవరూ మరచిపోనక్కరలేదు. వ్యాస్‌ను 1993 జనవరి 27న లాల్‌బహదూర్ స్టేడియంలో పరుగెత్తుతుండగా కాల్చి చంపారు. తోప్ కా సాంచా ఆ స్టేడియానికి పక్కనే ఉంది. మందుపాతరను తప్పించుకునే నడకను నేర్పినవాడు, ఏ మందుపాతరా అక్కరలేని చోట, నడకదారిలో పడిపోయాడు.

శాంతిసేనల ముచ్చట కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ బండికి గౌరవం వచ్చింది ఆ దారిలోనే. తెల్లరంగు పూసి రెండు నల్ల అక్షరాలు రాస్తే అదే ఇనుము ఐక్యరాజ్యసమితి వాహనమవుతుంది. మొజాంబిక్‌లో, అంగోలాలో యుద్ధాలు ముగిశాక పాతిన మైన్లను ఏరడానికి కాస్పిర్‌లే వెళ్ళాయి. గెరిల్లాల మైన్లకు జవాబుగా పుట్టిన బండి ఆ మైన్లనే వెతుకుతూ రైతు పొలానికి దారి చేసింది. ఈ మంచిని దాచనక్కరలేదు. మన బి.ఎం.పి.లు కూడా తెల్లరంగుతో సియెరా లియోన్‌కు, కాంగోకు వెళ్ళాయి. 2000 జులైలో సియెరా లియోన్‌లో తిరుగుబాటుదారులు చుట్టుముట్టిన శాంతిసైనికులను విడిపించడానికి మన సైన్యం జరిపిన దాడిలో ఆ బండ్లున్నాయి. మెదక్ మట్టిమీద బిగించిన బోల్టు పడమటి ఆఫ్రికా అడవిలో తిరిగింది. అమెరికా ఇరాక్‌లో చావుదెబ్బలు తిన్నాక 2007నుంచి ఇదే పడవ అడుగు బండ్లను ఇరవై వేలకు పైగా చేయించింది. యుద్ధం తగ్గాక మిగిలినవాటిని తమ చిన్న చిన్న ఊళ్ళ పోలీసులకు పంచింది. సోవెటోలో పోలీసు బండిగా తిరిగినది ప్రపంచమంతా తిరిగి మళ్ళీ పోలీసు బండే అయింది.

ఇంతవరకు చెప్పినదంతా ఇనుము లోపల కూర్చున్నవాళ్ళ గురించి. దారిమీద వాళ్ళొక్కరే లేరు. 2010 మే 17న దంతెవాడ జిల్లా చింగావరం దగ్గర మందుపాతర పేల్చినది ఒక ప్రయాణికుల బస్సును. ముప్పైమందికి పైగా చనిపోయారు. అందులో ప్రత్యేక పోలీసులున్నారు, సంతకో బంధువుల ఇంటికో వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. తీగ చివర కూర్చున్న మనిషి చూసి పేల్చాడని పైన రాశాను. చూసే పేల్చాడు. మన పత్రికల్లో కొందరు దీన్ని పొరపాటు అన్న మాటతో దాటేశారు. ప్రగతిశీల విమర్శకు ఆ వెసులుబాటు ఉండకూడదని నా అభిప్రాయం, మిత్రులకు కోపం వస్తే రానీ. 2024 జూన్‌లో ములుగు జిల్లా వాజేడు మండలంలో కట్టెలకోసం అడవికి వెళ్ళిన ఒకాయన పాతిపెట్టిన మందుపాతర తొక్కి చనిపోయాడు. 2025 మేలో, కర్రెగుట్టల చుట్టూ బలగాలు మోహరించిన రోజుల్లో, అదే మండలంలో ముగ్గురు గ్రేహౌండ్స్ పోలీసులు మందుపాతరకే బలయ్యారు. కట్టెలు ఏరుకునేవాడూ నడిచే పోలీసూ ఒకే నేలమీద ఒకే విధంగా పోయారు. ఇద్దరి కాలికిందా పడవ అడుగు లేదు.

మనిషి తొక్కితే పేలే మైన్లను నిషేధించే ఒట్టావా ఒప్పందం 1997లో కుదిరింది. నూటఅరవైకి పైగా దేశాలు అందులో చేరాయి. భారతదేశం చేరలేదు. సరిహద్దుకు అవి కావాలన్నది ప్రభుత్వ వాదన. పాతర వేసేవారు, పాతరను తట్టుకునే బండి చేసేవారు, పాతరను నిషేధించవలసినవారు ఒకరే అయినచోట అడవిలోని దళానికి మాత్రమే నీతి చెప్పడం కుదరదు. అలాగని దళానికి చెప్పవలసిన నీతి తప్పదు.

ఎద్దుమైలారంలో పనిచేసేవాళ్ళ మాట మిగిలింది. వెల్డింగు జ్వాల ముందు నిలబడి ఆ వాలు పలకలను అతికినది వాళ్ళే. అతుకు ఊడితే ఎవరో ఎక్కడో చస్తారని తెలిసి పనిచేసేవాళ్ళు. 2019 ఆగస్టులో దేశంలోని 41 ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల కార్మికులు కార్పొరేషన్లుగా మార్చవద్దని సమ్మె చేశారు. 2021లో అత్యవసర రక్షణ సేవల పేరుతో చట్టం తెచ్చి అక్కడ సమ్మెను నేరం చేశారు. ఆ ఏడాది అక్టోబరు 1న ఫ్యాక్టరీల బోర్డును రద్దుచేసి ఏడు కంపెనీలుగా విడగొట్టారు. మెదక్ ఫ్యాక్టరీ ఆవడి కేంద్రంగా ఉన్న సాయుధ వాహనాల కంపెనీ కిందికి పోయింది. కవచం చేసేవాడికి తన ఉద్యోగానికి కవచం లేకపోయింది. బీడీ కార్మికులమీద, గని కార్మికులమీద, నేతకారులమీద మనకు కథలున్నాయి. నాంపల్లినుంచి బస్సెక్కితే రెండు గంటల్లోపు చేరే ఈ కార్ఖానామీద పేరుపెట్టి చెప్పుకోదగ్గ కథ నేను చదవలేదు. యుద్ధాన్ని వ్యతిరేకించే రచయితకు యుద్ధసామగ్రి చేసే కార్మికుడు ఇబ్బందికరమైన పాత్ర. అతన్ని ప్రేమించాలి, అతని పనిని ప్రశ్నించాలి. ఇబ్బంది ఉన్నచోటే కథ ఉంటుందని కొడవటిగంటినుంచి కాళీపట్నందాకా చదివిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

దక్షిణాఫ్రికాలో ఆ పని ఒక చిత్రకారుడు వేరే విధంగా చేశాడు. రాల్ఫ్ జైమన్ పాత కాస్పిర్ ఒకటి సంపాదించి, 2016లో దాని ఒళ్ళంతా రంగురంగుల గాజుపూసలు కప్పించాడు. కోట్లకొద్దీ పూసలు. కుట్టినవాళ్ళు జింబాబ్వేనుంచి, దక్షిణాఫ్రికాలోని ఎండెబెలె పల్లెలనుంచి వచ్చినవాళ్ళు. చక్రాలు, కిటికీలు, మెట్లు, చివరికి తుపాకి కన్నాలు కూడా పూసలతో నిండాయి. తమ వాడల్లో తిరిగిన బండిని తమ ఇళ్ళ గోడలమీద వేసుకునే ముగ్గులతో అలంకరించారు. అది క్షమించడమా, వెక్కిరించడమా అని అక్కడ వాదన జరిగింది. నాకు ఆసక్తి కలిగించినది మరొకటి. పూసలు కుట్టాలంటే బండి చుట్టూ తిరగాలి, దాని కిందికి దూరాలి, ఆ వాలు పలకల అంచును చేత్తో తడమాలి. అంతకుముందు అంత దగ్గరికి వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగి రాలేదు.